బిడ్డ బతకాలి, బతికి నడవాలి

(సొసైటీ వార్షిక సమావేశంలో ఒక పిల్లల వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



వేదిక మీది పెద్దలకు, సొసైటీ బాధ్యులకు, తెర అవతల కూర్చున్న తల్లులకు, అక్కచెల్లెళ్ళకు, ప్రతి రంజాన్‌లోనూ పేరు రాయించుకోకుండా కవరు చేతిలో పెట్టి వెళ్ళిపోయే దాతలకు నా సలాం.

కార్యదర్శి గారు నన్ను పిలిచినప్పుడు "డాక్టర్ సాబ్, బ్లడ్ క్యాన్సర్ గురించి ఒక అరగంట చెప్పండి" అన్నారు. ఆ జబ్బు ఎంత భయంకరమైనదో చెప్పి మీ చేత కన్నీళ్ళు పెట్టించడం తేలిక. నేను ఆ పని చేయను. కొన్నేళ్ళుగా మీరు ఆ పిల్లలకు మందుల సాయం చేస్తున్నారు, భయం సంగతి మీకు తెలిసిందే. మందులు మొదలుపెట్టాక ఆ బిడ్డ ఎముకలకు ఏమవుతుందో ఈ రోజు చెబుతాను. "ఎముకల సంగతి డాక్టర్లు చూసుకోవాలి గానీ దాతలకెందుకు?" అని మీకు అనిపించవచ్చు. కాసేపు ఓపిక పట్టండి.

ముందుగా నేను చేసిన తప్పు ఒకటి చెప్పుకోవాలి.

నేను జిల్లా కేంద్రంలో ప్రాక్టీసు చేసే మామూలు పిల్లల డాక్టరును. క్యాన్సర్‌కు చికిత్స నేను చేయను. పెద్ద ఆసుపత్రిలో చికిత్స జరుగుతున్న పిల్లలు జ్వరమనో, రక్తపరీక్ష అనో మధ్యమధ్యలో నా దగ్గరికి వస్తుంటారు. అలా వచ్చేవాడు పదకొండేళ్ళ అబ్బాయి ఒకడు. తండ్రి లారీలకు వెల్డింగ్ చేస్తాడు. చికిత్స రెండో ఏట నడుస్తోంది. ఎప్పుడు రక్తపరీక్ష చేసినా కాగితం బాగానే ఉంటోంది. ఒకరోజు వాళ్ళ అమ్మ, "మోకాలు నొప్పి అంటున్నాడు సార్, మెట్లెక్కాలంటే నా భుజం పట్టుకుంటున్నాడు" అంది. మోకాలు వంచి చూశాను. వాపు లేదు. ఎక్స్‌రే తీయించాను. అందులోనూ ఏమీ లేదు. "ఎదిగే వయసమ్మా, తగ్గిపోతుంది" అని పంపేశాను.

నాలుగు నెలల తర్వాత వాడు కుంటుకుంటూ వచ్చాడు. ఈసారి పెద్ద ఆసుపత్రిలో ఎంఆర్ఐ తీశారు. మోకాలు బాగానే ఉంది. జబ్బు తుంటిలో ఉంది. తొడ ఎముక పైన బంతిలాంటి భాగం ఒకటి ఉంటుంది. దానికి రక్తం అందక, ఎముక చచ్చుబడి, ఒక పక్క కుంగిపోయింది. పిల్లల్లో తుంటి జబ్బు మోకాలి నొప్పిగా బయటపడటం మామూలే. మోకాలు నొప్పి అన్న పిల్లవాడికి తుంటి కూడా చూడాలని వైద్య విద్యార్థులకు నేర్పుతారు. నాకూ నేర్పారు. రక్తపరీక్ష కాగితం చూసిన సంతోషంలో నేను పిల్లవాడి నడక చూడలేదు.

ముందే కనిపెట్టినంత మాత్రాన ప్రతి తుంటినీ కాపాడగలమని కాదు. కానీ ఆ నాలుగు నెలలు వాడు ఆ కాలి మీద బరువు వేస్తూ బడి మెట్లెక్కాడు, నొప్పితో నిద్రపోలేదు. అది తప్పించగలిగేవాళ్ళం. వాళ్ళ నాన్న నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "క్యాన్సర్ పోయింది డాక్టర్ సాబ్, అల్‌హమ్‌దులిల్లాహ్. కాలే పోయింది" అన్నాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి ఈ విషయం నలుగురికీ చెబుతూ తిరుగుతున్నాను.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పిల్లల్లో వచ్చే క్యాన్సర్లలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది లుకేమియా, అంటే రక్త క్యాన్సర్. అందులోనూ ఎక్కువమందికి వచ్చే రకాన్ని డాక్టర్లు ఎ.ఎల్.ఎల్. అంటారు. ముఖ్యంగా రెండు నుంచి ఐదేళ్ళ పిల్లల్లో కనిపిస్తుంది, పెద్ద పిల్లలకూ వస్తుంది. ఒకప్పుడు ఈ జబ్బు పేరు చెబితే తల్లిదండ్రులు ఆశ వదులుకోవలసి వచ్చేది. ఈ రోజు సంపన్న దేశాల్లో పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది పిల్లలు బతికి బయటపడుతున్నారు. మన దేశంలోనూ చికిత్సను మధ్యలో ఆపకుండా పూర్తిచేసిన పిల్లల్లో ఎక్కువమంది బాగవుతున్నారు.

ఈ మార్పు వెనక ఒక తెలుగువాడు ఉన్నాడు. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివారు. పై చదువుకు అమెరికా వెళ్ళడానికి చేతిలో డబ్బు లేదు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామని మాటిచ్చింది. పిల్లనిచ్చిన మామగారు మరికొంత కూడగట్టారు. అలా ఓడెక్కారు. తర్వాత లెడర్లే ప్రయోగశాలలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందును బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా పిల్లలకు ఇచ్చి చూశారు. 1948లో ఆయన ప్రకటించిన ఫలితాల ప్రకారం 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం పాటు జబ్బు తగ్గింది. అంతకుముందు ఎవరూ చూడని సంగతి అది. అదే ఏడాది సుబ్బారావు గారు కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువులాంటి మెథోట్రెక్సేట్‌ను మన పిల్లలు ఈనాటికీ వారం వారం వేసుకుంటున్నారు.

ఈ కథ దాతల సభలో చెప్పడానికి కారణం ఉంది. కాకినాడలో ఒక ధర్మసంస్థ ఒక పేద విద్యార్థికి మాటిచ్చిన రోజున, ఆ సాయం ఎంతమంది పిల్లల దాకా చేరుతుందో అక్కడున్న వాళ్ళెవరూ ఊహించి ఉండరు.

అయితే ప్రాణం నిలబెట్టే మందులు ఎముక దగ్గర కొంత మూల్యం తీసుకుంటాయి. అది ఎలాగో చెబుతాను.

ఎముక రాయిలాంటిదని మనం అనుకుంటాం. నిజానికి అది ప్రాణమున్న కట్టడం. అందులో రోజూ రెండు రకాల పనివాళ్ళు ఉంటారు. పాతబడ్డ భాగాన్ని కూల్చే కూలీలు కొందరు, ఆ చోట కొత్తగా కట్టే మేస్త్రీలు కొందరు. పిల్లల్లో మేస్త్రీల పని ఎక్కువ, అందుకే ఎముక పొడుగూ లావూ పెరుగుతుంది. యౌవనం దాటేలోపు కట్టుకున్న ఎముకే మనిషికి జీవితాంతం పెట్టుబడి. సరిగ్గా ఆ కట్టుబడి జరిగే వయసులో ఈ జబ్బు వస్తుంది.

మొదటి దెబ్బ జబ్బే కొడుతుంది. రక్తం తయారయ్యేది ఎముక లోపలి మూలుగలో. అక్కడ చెడ్డ కణాలు కిక్కిరిసి ఎముకను లోపల్నుంచి బలహీనపరుస్తాయి. కెనడాలో 186 మంది లుకేమియా పిల్లలకు జబ్బు తేలిన నెలలోపే వెన్ను ఎక్స్‌రే తీసి చూస్తే, నూటికి 16 మందికి అప్పటికే వెన్నుపూస కుంగి ఉంది. వాళ్ళలో చాలామంది నడుం నొప్పి అని కూడా చెప్పలేదు.

రెండో దెబ్బ స్టెరాయిడ్లది. ప్రెడ్నిసొలోన్, డెక్సామెథాసోన్ అనే మందులు ఈ చికిత్సకు వెన్నెముకలాంటివి. అవి లేకుండా జబ్బు లొంగదు. కానీ అవి మేస్త్రీల పని మందగింపజేస్తాయి, పేగులో కాల్షియం సరిగా ఒంటికి పట్టనివ్వవు, ఉన్నదాన్ని మూత్రంలో పోగొడతాయి. స్టెరాయిడ్ వేసుకునే రోజుల్లో పిల్లవాడికి అర్ధరాత్రి ఆకలేస్తుంది, బిర్యానీ కావాలని ఏడుస్తాడు, మొహం గుండ్రంగా ఉబ్బుతుంది. చుట్టుపక్కలవాళ్ళు చూసి "మాషా అల్లాహ్, ఒళ్ళు చేశాడు" అంటారు. పైకి ఒళ్ళు వస్తుంటే లోపల ఎముక పలచబడుతుంటుంది. మెథోట్రెక్సేట్ కూడా, ముఖ్యంగా ఎక్కువ మోతాదుల్లో, ఎముక కట్టుబడిని తగ్గిస్తుంది.

మూడో దెబ్బ మంచం. ఎముక బరువు మోస్తేనే గట్టిపడుతుంది. నెలల తరబడి పడుకున్న పిల్లవాడి ఎముక, కండ రెండూ కరిగిపోతాయి. నాలుగోది తిండి, ఎండ. నోట్లో పుండ్లు, వాంతులు, వార్డులో గడిచే రోజులు, ఇల్లు కదలని రోజులు. పాలు తాగడు, ఎండ తగలదు.

దీనికి తోడు విన్‌క్రిస్టిన్ అనే మందు కాళ్ళ నరాలను బలహీనపరుస్తుంది. పాదం ముందు భాగం పైకి లేవదు. పిల్ల నడుస్తుంటే చెప్పు జారిపోతుంది, కాలు తట్టుకుని పడుతుంది. పలచబడ్డ ఎముక, పైగా పడిపోవడం. రెండూ కలిస్తే ఎముక విరగడమే.

అందుకని రెండు రకాల కష్టాలను వేరువేరుగా గుర్తుపెట్టుకోండి. ఒకటి, ఎముక గుల్లబారి విరగడం, వెన్నుపూస కుంగడం. రెండోది, నేను గుర్తించలేకపోయిన జబ్బు, రక్తం అందక ఎముక చచ్చుబడటం. దీన్ని ఏవీఎన్ అంటారు. ఇది ఎక్కువగా పదేళ్ళు దాటిన పిల్లల్లో, తుంటిలోనూ మోకాళ్ళలోనూ వస్తుంది. మొదట్లో ఎక్స్‌రేలో కనబడదు, ఎంఆర్ఐలో కనబడుతుంది.

ఎముకలు బలహీనపడటం ముసలితనానికి గుర్తు. జకరియ్యా ప్రవక్త అలైహిస్సలాం వారు ముదిమి వయసులో తమ ఎముకల బలహీనతను అల్లాహ్‌కు విన్నవించుకుని దువా చేశారని మనందరికీ తెలుసు. అలాంటి ఎముకలు పదేళ్ళ పిల్లవాడికి వస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఇంతవరకు కష్టం చెప్పాను. ఇప్పుడు ఊరట. పిల్లల ఎముకకు అల్లాహ్ గొప్ప శక్తి ఇచ్చాడు. చికిత్స అయిపోయాక చాలామంది పిల్లల్లో ఎముక మళ్ళీ గట్టిపడుతుంది. చిన్న వయసు పిల్లల్లో కుంగిన వెన్నుపూస తిరిగి ఆకారానికి రావడం డాక్టర్లు చూస్తున్నారు. పెద్ద పిల్లలకు ఎదిగే కాలం తక్కువ మిగిలి ఉంటుంది కాబట్టి వాళ్ళ విషయంలో ఎక్కువ జాగ్రత్త కావాలి. ఆ రెండున్నర మూడేళ్ళు ఎముకను కనిపెట్టుకుని ఉండటమే మన పని.

ఇంట్లో ఏం చేయాలి? తల్లులు ఇది వినాలి.

తిండి సంగతి. ఏడు నుంచి తొమ్మిదేళ్ళ బిడ్డకు రోజుకు సుమారు 650 మి.గ్రా. కాల్షియం కావాలి. పది దాటాక ఇంకా ఎక్కువ. ఒక గ్లాసు పాలలో దాదాపు 240 మి.గ్రా. వస్తుంది. 100 గ్రాముల రాగిపిండిలో 340 మి.గ్రా.కు పైగా ఉంటుంది. రాగి జావ, రాగి సంగటి, నువ్వుల ఉండ, మునగాకు పప్పు, బాగా వేయించిన చిన్న చేపలు ముళ్ళతో సహా, ఇవన్నీ మన ఇళ్ళల్లో ఉన్నవే. పాయా తాగితే ఎముక గట్టిపడుతుందని మనవాళ్ళ నమ్మకం. రుచి కోసం, ఆకలి పుట్టడం కోసం బాగా మరిగించి ఇవ్వండి, తప్పు లేదు. కానీ ఆ చారులో కాల్షియం తక్కువే. పాయా పోసి పాలు మానిపించకండి. కీమో నడిచే రోజుల్లో ఏది పెట్టినా ఇంట్లో అప్పుడే వండింది, వేడివేడిది పెట్టాలి. పాలు కాచినవే కావాలి.

ఎండ సంగతి. విటమిన్ డి లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు. పొద్దున పది తర్వాత ఓ పది పదిహేను నిమిషాలు చేతులకు, కాళ్ళకు ఎండ తగలనివ్వండి. కిటికీ అద్దం వెనక కూర్చుంటే లాభం లేదు. ఈ మందులు వాడే పిల్లల చర్మం త్వరగా కమిలిపోతుంది, మాడే ఎండలో ఎక్కువసేపు ఉంచకండి. ఎదిగిన ఆడపిల్లల విషయంలో ఇంకో మాట. పర్దా పాటించే ఇళ్ళల్లో పిల్ల రోజంతా గదిలోనే ఉండిపోతుంది. మేడ మీదో, పెరట్లో గోడ చాటునో, ఇంట్లోవాళ్ళ మధ్య ఆ కాసేపు కూర్చోబెట్టండి. దానికి పర్దా అడ్డం కాదు. ఎండ చాలనప్పుడు డాక్టరు విటమిన్ డి చుక్కలో మాత్రలో రాస్తారు.

కదలిక సంగతి. జాలితో బిడ్డను ఎత్తుకుని తిప్పకండి. డాక్టరు వద్దన్న రోజులు తప్ప రోజూ నడిపించండి, ఇంట్లోనే ఆడించండి. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నప్పుడు దూకే ఆటలు, తోసుకునే ఆటలు వద్దు. తుంటిలో జబ్బు తేలితే మాత్రం లెక్క మారుతుంది. అప్పుడు ఎంత నడవాలో డాక్టరు చెప్పినంతే.

చేయకూడని పనులు కూడా చెప్పాలి. నొప్పి అనగానే పహిల్వాన్ దగ్గరికి తీసుకెళ్ళి కట్టు కట్టించడం, గట్టిగా మాలీషు చేయించడం ఈ పిల్లల్లో ప్రమాదం. పలచబడ్డ ఎముక ఆ ఒత్తిడికే విరగవచ్చు. మెడికల్ షాపులో అడిగి నొప్పి బిళ్ళలు తెచ్చి వేయకండి. వాటిలో కొన్ని రక్తస్రావాన్ని పెంచుతాయి, కొన్నిటికి కీమో మందులతో పొసగదు. మంచిది కదా అని కాల్షియం మాత్రలు గుప్పెడు వేయడమూ తప్పే. ఎక్కువైతే కిడ్నీలో రాళ్ళు వస్తాయి.

జబ్బు ఇంకా తేలని పిల్లల గురించి కూడా ఒక మాట. లుకేమియా చాలామంది పిల్లల్లో ఎముకల నొప్పితోనే మొదలవుతుంది. రాత్రిళ్ళు కాళ్ళ నొప్పితో లేచి ఏడవడం, తగ్గినట్టే తగ్గి తిరగబెట్టే జ్వరం, మొహం పాలిపోవడం, ఒంటి మీద నీలం మచ్చలు. ఇవి కనిపిస్తే ముందు రక్తపరీక్ష చేయించండి. కీళ్ళవాతమని ఊహించి స్టెరాయిడ్ మొదలుపెడితే జబ్బు కొన్నాళ్ళు దాక్కుంటుంది, అసలు చికిత్స కష్టమవుతుంది. కొన్ని ఊరూ పేరూ లేని పొడి మందుల్లోనూ స్టెరాయిడ్ కలుపుతుంటారు. ఈ మాట మస్జిద్ దగ్గర, బడి దగ్గర నలుగురికీ చెప్పండి.

నమాజు, రోజా గురించి నన్ను తరచూ అడుగుతుంటారు. తుంటి నొప్పి ఉన్న పిల్లవాడికి రుకూ, సజ్దా కష్టం. కూర్చుని, సైగతో నమాజు చదివే వెసులుబాటు మన ధర్మం రోగికి ఇచ్చింది. కుర్చీ మీద నమాజు చేస్తున్న పిల్లవాణ్ణి చూసి ఎవరూ ముఖం చిట్లించకండి. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో కొందరికి దేహం నొప్పి కంటే ఆ చూపులు ఎక్కువ నొప్పి. అలాగే చికిత్స నడుస్తుండగా రోజా ఉంటామని పట్టుబట్టే పిల్లలున్నారు. వాళ్ళ ఈమాన్‌కు నా సలాం. కానీ రోగికి మినహాయింపు ఉంది. మెథోట్రెక్సేట్ వాడే బిడ్డ ఒంట్లో నీరు తగ్గకూడదు. వాళ్ళకు ఆ మాట మెల్లగా నచ్చజెప్పవలసింది పెద్దలే.

ఇక దాతలతో నా మనవి.

మన సమాజంలో సాయం ఎలా జరుగుతుంది? బిడ్డకు బ్లడ్ క్యాన్సర్ అని తెలియగానే జుమా తర్వాత ప్రకటన చేస్తారు, తువ్వాలు పరుస్తారు, వాట్సాప్‌లో ఫొటో తిరుగుతుంది. పదిరోజుల్లో మంచి మొత్తమే పోగవుతుంది. దాన్ని నేను తక్కువ చేయడం లేదు, ఆ డబ్బు ప్రాణాలు నిలబెట్టింది. కానీ ఈ చికిత్స దాదాపు రెండున్నర ఏళ్ళు సాగుతుంది. మూడో నెలకు తువ్వాలు మడతపెడతాం. ఆరో నెలకు బిడ్డ జుట్టు మొలుస్తుంది, "బాగయ్యాడు" అనుకుని మరిచిపోతాం. తండ్రి అప్పటికే పని పోగొట్టుకుని ఉంటాడు. ఇంట్లో మొదట ఆగేది పాలు. తర్వాత ఆగేది బస్సు ఛార్జీ. ఆ తర్వాత చికిత్సే ఆగుతుంది.

కీమో ఖర్చులో పెద్ద భాగాన్ని చాలామంది పేద పిల్లలకు ఆరోగ్యశ్రీ వంటి ప్రభుత్వ పథకాలు భరిస్తున్నాయి. హైదరాబాదులో ఎం.ఎన్.జె. లాంటి ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఆ పథకాలు ఇంటి వంటగది దాకా రావు. ఆ ఖాళీ మనది.

లెక్క చూడండి. ఒక బిడ్డకు రోజుకు అర లీటరు పాలు, ఒక గుడ్డు. ముప్పై నెలలకు 450 లీటర్ల పాలు, 900 గుడ్లు. ఒక కుటుంబానికి ఇది కొండంత. ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి నెలనెలా పంచుకుంటే పెద్ద బరువు కాదు. తక్కువైనా సరే నిలకడగా చేసే పని అల్లాహ్‌కు ప్రియమైనదని మనం చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం. ఈ జబ్బు విషయంలో ఆ మాట అక్షరాలా వైద్యమే. జకాత్ డబ్బు ఏ ఖర్చుకు ఏ విధంగా ఇవ్వాలన్నది మీ ఉలమాను అడగండి. సదఖా, లిల్లాహ్ డబ్బుకు ఈ దారి ఎప్పుడూ తెరిచే ఉంది.

సొసైటీకి నావి ఐదు సూచనలు. ఒకటి, ప్రతి బిడ్డకూ పాలు, గుడ్లు, రాగిపిండి చికిత్స పూర్తయ్యే దాకా నెలనెలా చేరాలి. నగదు కంటే ఊళ్ళోని కిరాణా కొట్టులో, పాలవాడి దగ్గర ఖాతా పెట్టడం మేలు. రెండు, డాక్టరు రాసిన విటమిన్ డి, వెన్ను ఎక్స్‌రే, అవసరమైతే ఎంఆర్ఐ ఖర్చుకు ఒక చిన్న నిధి విడిగా ఉంచండి. "ఎంఆర్ఐకి డబ్బు కూడాక వస్తాం" అని వెళ్ళిన తల్లి ఎన్ని నెలలకు వస్తుందో నాకు తెలుసు. మూడు, వాకర్, చంక కర్రలు, చక్రాల కుర్చీ, కమోడ్ కుర్చీ రెండేసి కొని ఉంచి, అవసరమైన ఇంటికి ఇచ్చి తిరిగి తీసుకోండి. తుంటి నొప్పి ఉన్న బిడ్డకు నేల మీది మరుగుదొడ్డిలో కూర్చోవడం రోజూ ఒక శిక్ష. నాలుగు, బడికి వెళ్ళి హెడ్మాస్టరు గారితో మాట్లాడి, ఆ బిడ్డ తరగతిని కింది అంతస్తుకు మార్పించండి. దానికి పైసా ఖర్చు లేదు. ఐదు, నెలకోసారి ఒక కార్యకర్త ఇంటికి వెళ్ళి మూడు ప్రశ్నలు అడగాలి. నడుం నొప్పి ఉందా? తుంటి గానీ మోకాలు గానీ నొప్పి ఉందా? నడిచేటప్పుడు చెప్పు జారుతోందా? ఏ ఒక్కదానికి అవునన్నా ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి పంపాలి.

ఆ మూడో ప్రశ్న నేను ఊరికే పెట్టలేదు. నిరుడు ఏడేళ్ళ పాప ఒకతె నా దగ్గరికి జ్వరంతో వచ్చింది. చూసి మందు రాశాక, "ఆ తలుపు దాకా నడువమ్మా" అన్నాను. వెల్డింగ్ పని చేసే ఆయన కొడుకు తర్వాత నాకు అలవాటైన మాట అది. నాలుగడుగులు వేసిందో లేదో కుడికాలి చెప్పు ఊడిపోయింది. వెనక్కి తిరిగి నవ్వింది. "రోజూ ఇంతే సార్, చెప్పులు పెద్దవైపోయాయి" అంది వాళ్ళ నానమ్మ. చెప్పులు సరిపోయినవే. పాదం లేవడం లేదు. పెద్ద ఆసుపత్రికి ఫోన్ చేశాం, మందు మోతాదు సంగతి వాళ్ళు చూసుకున్నారు. పాదానికి పెట్టే ప్లాస్టిక్ పట్టీ, మడమ దగ్గర పట్టీ ఉన్న బూట్లు, కొన్ని నెలల ఫిజియోథెరపీ. ఆ ఖర్చు మీ సొసైటీయే పెట్టుకుంది. ఎవరి కవరులోని డబ్బో నాకు తెలియదు, ఆ పాపకూ తెలియదు. ఇప్పుడు ఆ పాప పరిగెడుతోంది.

మొదట చెప్పిన అబ్బాయి ఇప్పుడు పదో తరగతి. చికిత్స ముగిసి చాలాకాలమైంది, రక్తంలో జబ్బు ఆనవాలు లేదు. కర్ర పట్టుకుని నడుస్తాడు. ఎదుగుదల పూర్తయ్యాక తుంటి మార్పిడి చేస్తామని డాక్టర్లు చెప్పారు. జుమా రోజు మస్జిద్‌లో వెనక వరసలో కుర్చీ మీద కూర్చుంటాడు. నమాజయ్యాక సలాం చెప్పి నన్ను పలకరిస్తాడు. వాడు పలకరించిన ప్రతిసారీ నేను పోగొట్టిన ఆ నాలుగు నెలలు నాకు గుర్తొస్తాయి.

ఆ ఆపరేషన్ రోజుకు మనం వాడి వెంట ఉండాలి. అంతకంటే ముందు, ఈ ఏడు చికిత్సలో చేరే బిడ్డల వెంట మొదటి నెల నుంచి ముప్పయ్యో నెల దాకా ఉండాలి.

జబ్బుతో ఉన్న ప్రతి బిడ్డకూ అల్లాహ్ షిఫా ప్రసాదించుగాక. వాళ్ళ తల్లిదండ్రులకు సబర్ ఇచ్చుగాక. మీరిచ్చే ప్రతి రూపాయినీ స్వీకరించుగాక. ఆమీన్.

వస్సలాము అలైకుం వ రహ్మతుల్లాహి వ బరకాతుహు.